మన ఇంటి జనాభా

ఉనైజా, సౌదీ అరేబియా
సెప్టెంబరు 24, 2010

పంతులమ్మ జయకు,

నర్సింలు బావ రాస్తున్నది. కవరు చూసి కంగారు పడకు, నాకేం కాలేదు. పొద్దున ఫోన్లో మాట్లాడుకుని మళ్లీ ఈ కాగితం ఎందుకంటావేమో. ఫోన్లో తెగని పని ఒకటి పడింది. పైగా నేను ఫోన్ పట్టుకుంటే గదిలో వాళ్లందరూ టీవీ గొంతు తగ్గించి మరీ వింటారు.

మా షెడ్డుకు కొత్తగా వియత్నాం వెల్డర్లు వచ్చారు. గోధుమ పొలాల్లో గుండ్రంగా తిరుగుతూ నీళ్లు చల్లే పొడుగు పైపులుంటాయని చెప్పాను కదా, వాటిని అతికించడంలో వాళ్ల చెయ్యి నా చేతికంటే కుదురు. ముగ్గురిని మా గదిలోనే వేశారు. అందులో తువాన్ అనేవాడిది నా వయసే. ఎప్పటికైనా ఆస్ట్రేలియా పోవాలని ఒక ఇంగ్లీషు పుస్తకం ఊరి నుంచి మోసుకొచ్చాడు. ఆ పుస్తకం నిండా జనాభా గొడవే. ఫలానా పట్నంలో ఇన్నేళ్లలో ఇంతమంది పెరిగారు, ఫలానా దేశంలో ఇంతమంది తగ్గారు అని ఒక వాక్యం ఇస్తాడు. అదే సంగతిని వేరే మాటల్లో మళ్లీ రాయాలి. ఎట్లా రాయాలో కింద వాళ్ల భాషలో ఉంది, అది నాకు రాదు. వాళ్లకేమో ఇంగ్లీషు రాదు. మన పక్కింటి మతీన్ లేడా, మా పైపులు లారీలో పొలాలకు తోలేవాడు, వాడు మమ్మల్ని చూసి ఒకటే నవ్వు. "మీ ఇద్దర్ని కలిపితే గని ఒక్క మనిషికి సరిపోయే తెలివి కాదు భాయ్" అంటాడు.

డిసెంబరులో కంపెనీ వీళ్లకు ఇంగ్లీషు పరీక్ష పెడుతుందట. పాపమని తోడు కూర్చుని చదివిస్తున్నాను. నువ్వు పదో తరగతికి చెప్పే ఇంగ్లీషులో ఇవన్నీ ఉంటాయి కదా. ఒకే సంగతిని రెండు మూడు రకాలుగా ఎట్లా రాయాలో వివరంగా రాసి పంపు. వాళ్ల కోసమే.

ఇక్కడ ఖర్జూరం సంత ముగింపుకొచ్చింది. జనవరిలో నా కాంట్రాక్టు అయిపోతుంది, నీకు తెలిసిందే. మాత్రలు మానకు.

వస్తా.
నర్సింలు


జగిత్యాల
అక్టోబరు 10, 2010

బావా,

పెళ్లైన తొమ్మిదేళ్లలో నువ్వు నాకు రాసిన మొదటి ఉత్తరం ఇది. అదీ వియత్నాం వాళ్ల పుణ్యం. వాళ్లకు నా దండాలు చెప్పు.

పాఠం విను. మొదటి సూత్రం: మాటలు మార్చొచ్చు, అంకె మార్చకూడదు. "పట్నం జనాభా పెరిగింది" అని ఉందనుకో. "పట్నంలో జనం మునుపటికంటే ఎక్కువయ్యారు" అనొచ్చు. "జనాభాలో పెరుగుదల కనిపించింది" అనొచ్చు. ఇంగ్లీషులో "ది పాపులేషన్ రోజ్" అన్నచోట "దేర్ వాజ్ ఎ రైజ్" అని మొదలుపెట్టించు, సగం పని అయిపోతుంది. నెమ్మదిగా పెరిగిందా, ఒక్కసారిగా పెరిగిందా, కొన్నాళ్లు నిలకడగా ఉందా, ఆ తేడా పోకూడదు. ఏ సంవత్సరమో పోకూడదు. అన్ని మాటలూ మార్చాలని పోటీ పడొద్దు, పాపులేషన్‌ను పాపులేషన్ అనే రాస్తే ఎవరూ కొట్టరు. వాక్యాలు రాయించి పంపు, దిద్ది పంపిస్తాను. ఇంటిపని కూడా ఇస్తున్నాను. ఎవరింటి జనాభా గురించి వాళ్లు రాయండి, 2001 నుంచి ఇప్పటిదాకా.

ఇక మన సంగతి. దసరా సెలవుల్లో కరీంనగర్ డాక్టరమ్మ దగ్గరికి పోతున్నాను. మూడేళ్లుగా ఆమె రాసిన మాత్రలు మింగుతూనే ఉన్నాను, సూదులు పొడిపించుకుంటూనే ఉన్నాను. నాలో లోపమేం కనిపించలేదంటుంది. ప్రతిసారీ ఒకటే అడుగుతుంది, "మీ ఆయన టెస్టు ఏదమ్మా?" అని. పోయిన లీవులో నీకు తేదీ ఇప్పిస్తే, మీ యజమాని కఫీల్ పిలిచాడని వారం ముందే విమానం ఎక్కావు. గడప దాటేటప్పుడు పోతున్నా అనకూడదు, వస్తా అనాలి. నిజమే, మా అమ్మా అదే నేర్పింది. కానీ వస్తా అని పోయేవాడు ఎప్పుడో ఒకప్పుడు రావాలి కదా.

నాకు ముప్పై నాలుగు. నాకొక బిడ్డ కావాలి, బావా. దీన్ని వేరే మాటల్లో రాయడం నాకు రాదు. జనవరిలో ఎగ్జిట్ కొట్టించుకుని వచ్చెయ్. మళ్లీ పోయే లీవు కాదు, మొత్తానికి వచ్చేసే ఎగ్జిట్.

జయ


ఉనైజా
నవంబరు 12, 2010

పంతులమ్మకు,

నీ పాఠం గది గోడకు అంటించాం. నీ చేతిరాత అచ్చు పుస్తకంలా ఉందని వియత్నాం వాళ్ల మెచ్చుకోలు.

మొదట్లో చాలా తిప్పలు పడ్డాం. వాళ్ల భాషలో నిన్న వచ్చినా రేపు వచ్చినా క్రియ మారదట, అందుకని "పెరిగింది" అనేదాన్ని "పెరుగు" అనే వదిలేస్తారు. రోజూ దెబ్బలాట. గ్రాఫు గీతలు ఎట్లా పోతాయో చెప్పడానికి మాత్రం నాకొక ఉపాయం తట్టింది. షెడ్డులో పైపు తునకలు పడి ఉంటాయి కదా, వాటిని నేల మీద పేర్చాను. కొంచెం వాలుగా పెడితే నెమ్మదిగా పెరిగింది. వంపు ముక్క ఎల్బో పెట్టి పైకి నిలబెడితే ఒక్కసారిగా పెరిగింది. మట్టం చూసే లెవెల్ పెట్టి చూస్తే బుడగ మధ్యలో ఆగిందా, నిలకడ. తువాన్ ఒక్క పూటలో అందుకున్నాడు. కానీ ఎనిమిది లక్షలని ఉన్నచోట పది లక్షలని రాశాడు. ఇదేంటంటే, మార్చమన్నారు కదా, మార్చాను అంటాడు. నీ మొదటి సూత్రం మీద ఎర్ర గీత గీసి చూపించాను.

ఇంటిపని పంపిస్తున్నాను. తువాన్ ఇంట్లో భార్య, ఇద్దరు ఆడపిల్లలు, తల్లి. వాడి ఊళ్లో మగవాళ్లు సగంమంది కొరియాకో మలేషియాకో పోయారట. "ఊరి జనాభా తగ్గింది" అని రాయరా అంటే రాయడు. తగ్గారంటే చచ్చిపోయినట్టు ఉంటుందట. "మా ఊరివాళ్లు వేరే ఊళ్లలో ఉన్నారు" అని రాశాడు. నేను సులువుగా తేల్చేశాను. 2001లో మా ఇంట్లో ఇద్దరం, 2010లోనూ ఇద్దరమే, జనాభా నిలకడగా ఉంది అని. బుడగ మధ్యలోనే ఆగింది.

డాక్టరమ్మ సంగతి వచ్చాక చూద్దాంలే. నా ఒంటికేం, రాయిలా ఉన్నాను. వారంలో బక్రీదు, మతీన్ బిర్యానీ చేస్తానన్నాడు. వాడు చేసేది బిర్యానీ అని వాడు తప్ప ఎవరూ అనరు.

వస్తా.
నర్సింలు


జగిత్యాల
డిసెంబరు 5, 2010

బావా,

ఇంటిపని దిద్దాను. తువాన్ రాసింది పాఠం ప్రకారం కుదరదు, అయినా మార్కు వేశాను. మనిషి అబద్ధం రాయలేదు.

నీది తప్పు. నాకు జనాభా లెక్కల డ్యూటీ పడింది, ఫిబ్రవరి తొమ్మిది నుంచి ఇరవై ఎనిమిది దాకా. టీచర్లందరికీ పడింది. శిక్షణలో మొదట చెప్పిందే ఇది: ఆ రోజుల్లో ఇంట్లో ఉన్న మనిషినే రాయాలి. ఆ మధ్యలో ఎప్పుడు వచ్చినా రాయొచ్చు. మొత్తానికే రాని మనిషిని, ఇంటి యజమానైనా సరే, రాయకూడదు. ఆ సారు అది చెప్తుంటే హాల్లో ఆడవాళ్లం చాలామందిమి పుస్తకాల్లోకి చూస్తూ కూర్చున్నాం. జగిత్యాల కదా, ఇంటికొకరు దుబాయో సౌదీయో. మన వీధి నాకే ఇచ్చారు. మన ఇంటి జనాభా ఒకటి. దిద్దుకో.

పై ముక్క పొద్దున రాశాను. కవరు అంటించకపోవడం మంచిదైంది. ఇప్పుడే మతీన్ భార్య షహజాదీ అక్క వచ్చి పోయింది. వస్తూనే, "ముబారక్ జయా. మీ ఆయన లీడ్‌మ్యాన్ అయితడట గద, మతీన్ చెప్పిండు. పరీక్షల పాసైతే ఇంకో రెండేండ్లు కాంట్రాక్టు రాసిస్తరట" అంది. నేను నవ్వి టీ పెట్టాను. కప్పులో చక్కెర వేశానో లేదో ఇప్పటికీ తెలియదు.

చల్లకొచ్చి ముంత దాచడమంటే ఇదే. వాళ్ల కోసమే అని రాశావు. పాపమని చదివిస్తున్నా అని రాశావు. పరీక్ష రాసేవాళ్లలో నువ్వూ ఉన్నావని ఎక్కడా రాయలేదు. నిన్ను ఇంకో రెండేళ్లు అక్కడ కట్టేసే పరీక్షకు నాతోనే పాఠం చెప్పించుకున్నావు. నేనేమో బడి నుంచి వచ్చి, అన్నం కూడా వండుకోకుండా ఉదాహరణలు వెతికాను. నేనిచ్చిన తాడుతో నన్నే కట్టావు.

ఎందుకో చెప్పు. ఇక్కడ నిన్ను టీచరమ్మ మొగుడంటారనా? నేనంటే మొహం మొత్తిందా? ఏదైనా సరే, తిన్నగా రాయి. నేను దిద్దను.

జయ


ఉనైజా
జనవరి 7, 2011

జయా,

నీ ఉత్తరం చదివాక రెండు శుక్రవారాలు ఫోన్ చేయలేదు. నీ గొంతు వినాలంటే భయమేసింది.

పరీక్ష రాశాను. మా ముదీర్, అదే మేనేజరు, ఈజిప్టాయన, ఆయన దగ్గర ప్రశ్నలు లేవు. తువాన్ పుస్తకమే అడిగి తీసుకుని, అందులోంచి రెండు వాక్యాలు ఇచ్చాడు. ఆ తర్వాత సౌదీ జనాభా గ్రాఫు ఒకటి ఎక్కడినుంచో తెచ్చి వర్ణించమన్నాడు. గీత పైకే పోతుంది. పోయిన ఏప్రిల్‌లో ఇక్కడి లెక్కలవాళ్లు మా గదికి వచ్చి నా పేరు కూడా రాసుకుపోయారు. ఆ గీత చివర్లో నేనూ ఉన్నాను కదా అనుకుంటూ రాశాను. నాకు మొదటి స్థానం, తువాన్‌కు రెండోది. నా ఇఖామా, ఇక్కడ ఉండనిచ్చే పర్మిటు, ఫిబ్రవరి నెలాఖరుకు అయిపోతుంది, ఆలోపు కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెట్టాలి. ఇంకా పెట్టలేదు.

ఇక నువ్వు అడిగింది. నీ మీద మొహం మొత్తలేదు. టీచరమ్మ మొగుడంటే నాకు గొప్పే. ఆగస్టులో నేను మతీన్‌ను తోడు తీసుకుని బురైదాలో ఒక క్లినిక్‌కి పోయాను. నువ్వు కరీంనగర్‌లో చేయించుకోమన్న టెస్టే. మనవాళ్లు లేని చోటైతే సిగ్గుండదనుకున్నాను. వీర్యకణాలు తక్కువున్నాయట, జయా.

డాక్టరు పాకిస్తానాయన, మంచివాడు. మొదట "థోడా కమ్ హై" అన్నాడు. నేను ఆయన మొహంలోకే చూస్తూ కూర్చుంటే, ఉండాల్సిన దాంట్లో మూడోవంతు అన్నాడు. ఇంకా చూస్తుంటే, కుదరదని కాదు, కష్టం అన్నాడు. నువ్వు అప్పటికి పాఠం చెప్పలేదు. అయినా ఆయన ఒకే సంగతిని తిప్పి తిప్పి చెప్తున్నాడని నాకు అర్థమైంది. ఏం పని చేస్తావని అడిగాడు. పన్నెండేళ్లుగా మంట ముందు వెల్డింగ్ అని చెప్పాను. ఆ వేడి మంచిది కాదు, కొన్నాళ్లు దూరంగా ఉండి చూడు, పెరగొచ్చు అన్నాడు.

లీడ్‌మ్యాన్‌కు ఏసీ గది, కుర్చీ, రిపోర్టు రాసే పని. మంట దగ్గరికి పోనక్కర్లేదు. రెండేళ్లు అక్కడ కూర్చుని బాగుపడి వస్తే నీకు ఈ సంగతి చెప్పే పనే ఉండదనుకున్నాను. ఊరంతా నిన్ను అంటుంటే వినలేకపోయాను, లోపం నాదేనని చెప్పలేకపోయాను. సంతకం పెట్టాలా వద్దా నువ్వే చెప్పు.

నర్సింలు


జగిత్యాల
జనవరి 23, 2011

బావా,

నీ ఉత్తరం బడికి వచ్చింది. స్టాఫ్‌రూంలో చదివి అక్కడే ఏడ్చాను. తెలుగు సారు నీళ్లు తెచ్చిచ్చి, ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగాడు. ఇంట్లో ఉన్నదే ఒక్కదాన్ని, నేను బాగానే ఉన్నాను అన్నాను.

కోపం ఇంటికొచ్చాక వచ్చింది. ఆగస్టులో నీకు తెలిసింది. సెప్టెంబరులో నాకు మాత్రలు మానకు అని రాశావు. ఆ రాసేటప్పుడు చెయ్యి ఎట్లా ఆడింది నీకు? కడుపులో తిప్పుతుంటే బోర్డు పట్టుకుని పాఠం చెప్పిన రోజులున్నాయి నాకు. మాత్రలు నిన్ననే మానేశాను. దీనికి నిన్ను తిట్టాల్సిన తిట్లు చాలా ఉన్నాయి, అవి ఎదురుగా నిలబెట్టి తిడతాను. కాగితం చాలదు.

ఇప్పుడు పంతులమ్మగా రాస్తున్నాను. నీకు ఫస్టు ఇచ్చాడంటే మీ ముదీర్‌కు గ్రాఫు చదవడం రాదన్నమాట. ఒక్క చుక్క పెట్టి గీత గీస్తారా ఎవరైనా? ఆగస్టులో నీకు దొరికింది ఒక చుక్క. సున్నా కాదు కదా. పెరుగుతుందో తరుగుతుందో తెలియాలంటే రెండో చుక్క కావాలి. అది లేకుండానే నువ్వు గీతంతా కిందికి గీసుకుని, దాని కింద కూర్చుని ఏడుస్తున్నావు.

వేడికి దూరంగా ఉండమన్నాడు డాక్టరు. దానికి రెండేళ్ల సంతకం దేనికి? జగిత్యాలలో నీడ లేదా? నువ్వు అక్కడ ఏసీలో కూర్చుని బాగుపడే లోపల నేను ఇక్కడ ముప్పై ఆరుకు వస్తాను. నీ గీత పైకి పోతుంటే నా గీత కిందికి పోతుంది. రెండూ ఒకే కాగితం మీద గీసి చూడు, ఎక్కడ దాటుకుంటాయో కనిపిస్తుంది. నువ్వు ఒక్కడివే బాగుపడితే బిడ్డ పుడుతుందా, బావా?

ఒకవేళ రెండో చుక్క కూడా కిందనే పడితే, అప్పుడు ఇద్దరం కలిసి ఏడుద్దాం. డాక్టరమ్మ దగ్గర వేరే దార్లున్నాయంది. లేకుంటే ఎవరి బిడ్డనైనా తెచ్చుకుని పెంచుకుందాం. ఊరివాళ్ల నోళ్లు నేను తొమ్మిదేళ్లు మోశాను, ఇంకొన్నాళ్లు మోయలేనా? ఇంట్లో ఒక్కదాన్నే ఉండి మోయడం మాత్రం నా వల్ల కాదు.

సంతకం పెట్టకు. అడిగావు కాబట్టి చెప్తున్నాను. లెక్కల్లో మన ఇల్లు చివరికి పెట్టుకుంటాను, ఇరవై ఎనిమిదో తేదీ సాయంత్రం దాకా రాయను. ఫోన్ చేసి ఆ, ఊ అనకు. రాయి.

జయ


ఉనైజా
ఫిబ్రవరి 25, 2011

పంతులమ్మా,

మతీన్ లీవు మీద వస్తున్నాడు, వాడి చేతికే ఇది ఇస్తున్నాను. రేపు నీకు అందుతుంది.

తువాన్ పుస్తకం వెనక అట్ట మీద రెండు గీతలూ గీశాను. వాడు పక్కన కూర్చుని, ఇది ఏ దేశం జనాభా అని అడిగాడు. మాదే అన్నాను.

ముదీర్ దగ్గరికి పోయి ఎగ్జిట్ అడిగాను. ఫస్టు వచ్చినవాడివి నీకేం రోగం అని అరిచాడు. రోగం సంగతి చూపించుకోడానికే పోతున్నా అన్నాను. లీడ్‌మ్యాన్ పని తువాన్‌కు ఇచ్చారు. నిన్న మొదటి రిపోర్టు రాసి దిద్దమని నా దగ్గరికి తెచ్చాడు. అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయి. "పెరిగింది" కూడా పెరిగింది అనే రాశాడు.

ఎగ్జిట్ ముద్ర ఆలస్యమైంది. నా విమానం మార్చి ఒకటి రాత్రి. రెండో తేదీ మధ్యాహ్నానికి ఇల్లు చేరతాను. మీ ఇరవై ఎనిమిదికి అందను. చాలా బతిమాలాను, కుదరలేదు. నువ్వు మాత్రం నా పేరు రాయకు. పంతులమ్మ దొంగలెక్క రాసిందని నా వల్ల అనిపించుకోకు. ఒకటి అనే రాయి, ఈసారి నేనే ఒప్పుకుంటున్నాను.

గదిలో అందరికీ పోయే సంగతి చెప్తూ అలవాటుకొద్దీ వస్తా అన్నట్టే అన్నాను, వాళ్లకు తెలిసే ఇంగ్లీషులో. తువాన్ నిజమనుకుని, ఎప్పుడు వస్తావు అని అడిగాడు. రాను, పోతున్నాను అని చెప్పాను. ఆ మాట అన్నందుకు కీడేమీ జరగలేదు. ఇంకా నాలుగు రోజులున్నా వాడు లేచి నా పెట్టెకు తాడు కట్టాడు.

ఇంగ్లీషు పరీక్షలో ఫస్టు వచ్చిన వెల్డరు మంట ముట్టుకోకుండా జగిత్యాలలో ఏం పని చేస్తాడో ఆలోచించి పెట్టు.

నర్సింలు


జగిత్యాల, మన ఇల్లు
మార్చి 2, పొద్దున

బావా,

తాళం షహజాదీ అక్క ఇచ్చి ఉంటుంది. నేను లెక్కల డ్యూటీలో ఉన్నాను. అయిపోలేదు, ఐదో తేదీ దాకా ప్రతి ఇంటికీ మళ్లీ పోయి, నెలాఖరులోపు ఎవరైనా పుట్టారా, పోయారా అని అడిగి సరిచూసుకోవాలి. సెలవు అడిగితే ఇవ్వలేదు. స్టేషనుకు రాలేదని అలగకు.

ఇరవై ఎనిమిది సాయంత్రం వీధి అంతా అయ్యాక మన ఇంటికొచ్చి, గడపలో కూర్చుని మన ఫారం నింపాను. సూపర్వైజరు పక్కనే ఉన్నాడు. "ఎల్లుండి వస్తుండు గదమ్మా, రాసెయ్, ఎవరు చూడొచ్చిండ్రు" అన్నాడు. "రాయ సార్, ఆయననే వద్దన్నడు" అన్నాను. ఒకటి అని రాశాను. ప్రభుత్వం దగ్గర పదేళ్లు అట్లనే ఉంటుంది. ఉండనీ, వాళ్ల లెక్క వాళ్లది.

పప్పు కుక్కర్లో ఉంది, వంకాయ కూర మూత పెట్టాను. బియ్యం కడిగి ఉంచాను, నువ్వు వచ్చాక స్టవ్ మీద పెట్టుకో. ఆ మాత్రం మంటకు ఏం కాదు. నీ పని సంగతి కూడా ఆలోచించాను. మా పదో తరగతి పిల్లలకు గ్రాఫులు ఎంత చెప్పినా ఎక్కడం లేదు. పైపులు పట్టుకుని ఒకరోజు బడికి రా. మిగతాది తర్వాత చూద్దాం.

వచ్చే గురువారం కరీంనగర్. ఇద్దరం పోతున్నాం. రెండో చుక్క ఎక్కడ పడినా తిప్పి తిప్పి చెప్పొద్దని, అంకె ఒక్కటే చెప్పమని డాక్టరమ్మకు ముందే ఫోన్ చేశాను. తిట్లు మాత్రం ఈ రాత్రికే. చాలా దాచిపెట్టాను.

తిని పడుకో. ఎక్కడికీ పోకు. తొమ్మిదేళ్లుగా ఈ గడపలో నువ్వు అనిపోయిన మాట ఇవాళ నేను అనిపోతున్నాను. సాయంత్రానికి వస్తా.

జయ